అడగాల్సింది అమ్మేవాణ్ని!

పొగాకు మీద, చిరుతిళ్ల మీద టీనేజీ పిల్లలు చేసిన ప్రచారాల్లో కొన్నింటికి గురి కుదిరింది. ఎందుకు కుదిరింది? ఫ్లోరిడా నుంచి చెన్నై మీదుగా మన బడి గేటు దాకా... ఈ వారం ముఖచిత్ర కథనం.

1998లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో టీవీ పెట్టినవాళ్లకు ఓ చిత్రమైన ప్రకటన కనిపించింది. ఇంటి హాల్లో కూర్చున్న ఇద్దరు కుర్రాళ్లు ఒక పత్రిక ఆఫీసుకు ఫోన్ చేస్తారు. మీ పత్రికను మా వయసు వాళ్లు చదువుతారు కదా, మరి అందులో సిగరెట్ ప్రకటనలు ఎందుకు వేస్తున్నారని అడుగుతారు. అవతలి పెద్దమనిషి నీళ్లు నములుతాడు. పొగాకుకు వ్యతిరేకంగా వచ్చే ప్రకటనలూ వేస్తామంటాడు. అయితే వాటిని ఉచితంగా వేస్తారా అని వీళ్లు. అది కుదరదని ఆయన. దాదాపు అంతే ఆ ప్రకటన. అందులో పాడైపోయిన ఊపిరితిత్తుల బొమ్మ లేదు, పుర్రె గుర్తు లేదు, పొగ తాగొద్దన్న మాట అసలే లేదు.

అప్పటికి ముప్ఫై ఏళ్లకు పైగా అమెరికా ప్రభుత్వం ‘తాగొద్దు’ అని చెబుతూనే ఉంది. పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ ఉన్న లంకెను తేల్చిన సర్జన్ జనరల్ నివేదిక వచ్చింది 1964లో. ఆ తర్వాత పెట్టెల మీద హెచ్చరికలు వచ్చాయి, బడుల్లో పాఠాలు వచ్చాయి, పోస్టర్లు వచ్చాయి. పెద్దవాళ్లలో చాలామంది మానేశారు. పిల్లలు మాత్రం ఎదురు నడిచారు. 1991లో హైస్కూలు పిల్లల్లో 27.5 శాతం పొగతాగేవాళ్లు ఉంటే, 1997 నాటికి ఆ లెక్క 36.4 శాతానికి ఎగబాకింది. హెచ్చరికలకు కొదవ లేని కాలంలోనే ఇదంతా జరిగింది.

ఎందుకలా అంటే, హెచ్చరించేవాళ్లకంటే అమ్మేవాళ్లకు పిల్లలు బాగా అర్థమయ్యారు. కేమెల్ సిగరెట్ల కంపెనీ 1988లో ‘జో కేమెల్’ అనే కార్టూన్ ఒంటెను దించింది. నల్లకళ్లద్దాలు, నోట్లో సిగరెట్, పక్కన స్పోర్ట్స్ కారు. మూడేళ్లు తిరిగేసరికి ఒక వైద్య పత్రిక ప్రచురించిన పరిశీలనలో తేలిందేమిటంటే, ఆరేళ్ల పిల్లల్లో 91 శాతం మంది ఆ ఒంటెను చూసి సిగరెట్‌తో జతపరిచారట. మిక్కీమౌస్‌ను ఎంతమంది గుర్తుపట్టారో ఇంచుమించు అంతమంది. ఫిలిప్ మోరిస్ కంపెనీ లోపలి నివేదిక ఒకటి 1981లోనే ఇవాళ్టి టీనేజరే రేపటి నికరమైన కొనుగోలుదారు అని రాసుకుంది. కోర్టు కేసుల పుణ్యమా అని అది తర్వాత బయటపడింది. 1994 ఏప్రిల్‌లో ఏడుగురు పొగాకు కంపెనీల అధిపతులు వరసగా నిలబడి, చేతులెత్తి ప్రమాణం చేసి, నికోటిన్ వ్యసనం కాదనే తమ నమ్మకమని అమెరికన్ కాంగ్రెస్ సంఘం ముందు చెప్పారు. దేశమంతా టీవీల్లో చూసిన దృశ్యం అది.

పాదయాత్ర గవర్నరు, పెంకి పిల్లలు

అప్పటి ఫ్లోరిడా గవర్నరు లాటన్ చైల్స్. 1970లో సెనేట్‌కు నిలబడినప్పుడు ఆయన పేరు ఎక్కువమందికి తెలియదు. రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకు 1,003 మైళ్లు నడిచి గెలిచాడు. (పాదయాత్ర అనగానే మనకు గుర్తొచ్చే పేర్లు మనకున్నాయి. వాళ్లకు మాత్రం అదో వింత. ‘వాకింగ్ లాటన్’ అన్న పేరు ఆయనకు జీవితాంతం ఉండిపోయింది.) పొగతాగి జబ్బుపడ్డ పేదల వైద్యానికి ప్రభుత్వం పెట్టిన ఖర్చును కంపెనీలే కట్టాలంటూ ఆయన ప్రభుత్వం కోర్టుకెక్కింది. 1997 ఆగస్టులో కంపెనీలు రాజీకొచ్చాయి. పాతికేళ్లలో 1,130 కోట్ల డాలర్లు ఇస్తామని ఒప్పుకున్నాయి. అందులో 20 కోట్ల డాలర్లు పిల్లల్ని పొగాకుకు దూరంగా ఉంచే కార్యక్రమానికి.

డబ్బు చేతికొచ్చింది. మామూలుగా అయితే ఓ కమిటీ వేస్తారు, నిపుణులు వస్తారు, పోస్టర్లు అచ్చవుతాయి. చైల్స్ ప్రభుత్వం 1998 మార్చిలో రాష్ట్రం నలుమూలల నుంచి వందలాది టీనేజీ పిల్లల్ని ఒకచోటికి పిలిచి, ఏం చేద్దామో మీరే చెప్పండంది. ప్రచారం తయారుచేసే పనిని దక్కించుకున్న మయామీ ప్రకటనల సంస్థ క్రిస్పిన్ పోర్టర్ వాళ్లు కూడా ముందు పిల్లలతో కూర్చున్నారు. సిగరెట్ చంపుతుందన్న సంగతి పిల్లలందరికీ తెలుసని, అందులో వాళ్లకు కొత్తగా చెప్పాల్సింది ఏమీ లేదని ఆ కబుర్లలో బయటపడింది. పదిహేనేళ్లవాడు సిగరెట్ ముట్టించేది ఆరోగ్యం సంగతి తెలియక కాదు. నా ఇష్టం నాది, ఎవరి మాటా వినను అని నలుగురికీ తెలిసేలా చెప్పడానికి అంతకంటే సులువైన దారి వాడికి దొరకలేదు, అంతే. అలాంటివాడి దగ్గరకు వెళ్లి చచ్చిపోతావురా అంటే, సిగరెట్ విలువ వాడి కళ్లలో ఇంకాస్త పెరుగుతుంది.

పిల్లలు పెద్దలకు పెట్టిన షరతులు చూడండి. పొగతాగేవాళ్లను తిట్టొద్దు, వాళ్లలో మా స్నేహితులున్నారు, అమ్మానాన్నలున్నారు. మాకు నీతులు చెప్పొద్దు. కంపెనీలు ఏం చేశాయో ఆ నిజం చెప్పండి, మిగతాది మేం చూసుకుంటాం. అలా ప్రచారానికి ‘ట్రూత్’ అని పేరు పెట్టారు. పిల్లల సంఘానికి ‘స్వాట్’ అని పేరు. పొగాకుకు వ్యతిరేకంగా పనిచేసే విద్యార్థులు అని దాని విస్తరణ. అమెరికా పోలీసుల్లో మెరుపుదాడులు చేసే దళం పేరూ అదే. పేరు పెట్టడంలోనే పిల్లల చేయి తెలిసిపోతోంది. ఏ ప్రభుత్వ శాఖా తన పథకానికి అలాంటి పేరు పెట్టుకోదు.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. తిరుగుబాటు చేయాలన్న ఉబలాటాన్ని పిల్లల్లోంచి తీసేయడం ఎవరి తరం? దాన్ని తీసేసే ప్రయత్నం వీళ్లు చేయలేదు, దాని మొహం మాత్రం ఇంకోవైపు తిప్పారు. ఇన్నాళ్లూ సిగరెట్ తాగడం పెద్దల మీద తిరుగుబాటు. ఇప్పుడు కోట్లు గడిస్తున్న పెద్దలే నిన్ను చిన్నప్పటి నుంచీ లెక్కగట్టి వల వేశారని తెలిశాక, తాగకపోవడం తిరుగుబాటయింది. ట్రూత్ టోపీలు, టీషర్టులు, స్టిక్కర్లు వచ్చాయి. సిగరెట్ కంపెనీ తన గుర్తుతో చేసిన పనినే వీళ్లు తమ గుర్తుతో చేశారు. ఆ వేసవిలో పిల్లలు రైలెక్కి రాష్ట్రమంతా ఊరూరా తిరిగారు.

స్వాట్‌కు రాష్ట్రంలోని 67 కౌంటీల్లోనూ శాఖలు లేచాయి. వీళ్లు టీవీలో కనిపించి ఊరుకోలేదు. దుకాణాల్లో సిగరెట్లు చేతికందే చోట, మిఠాయిల పక్కన ఉండకూడదని, కౌంటరు వెనక్కి పోవాలని స్థానిక పాలకుల ముందుకెళ్లి వాదించారు. అనేక చోట్ల ఆ మేరకు నిబంధనలు తెచ్చుకున్నారు. టీవీ ప్రకటన ఎంత గొప్పదైనా ముప్ఫై సెకన్లే. కౌంటరు వెనక్కి వెళ్లిన పెట్టె మాత్రం రోజూ వెనకే ఉంటుంది. ఈ రెండో పని గురించి ఎవరూ పెద్దగా రాయరు. నాకైతే మొదటిదానికంటే ఇదే గట్టిపని అనిపిస్తుంది.

ఫలితం? 1998లో ఫ్లోరిడా మిడిల్ స్కూలు పిల్లల్లో 18.5 శాతం సిగరెట్ తాగేవాళ్లు. రెండేళ్లకు 11.1 శాతం. హైస్కూల్లో 27.4 నుంచి 22.6కు. ఇంత తక్కువ కాలంలో ఇంత తగ్గుదల మామూలు విషయం కాదు. ఆ రెండేళ్లలోనే సిగరెట్ల ధర కూడా బాగా పెరిగింది కాబట్టి ఘనతంతా ప్రచారానిదే అనలేం. కానీ అదే ‘ట్రూత్’ 2000లో దేశవ్యాప్తమయ్యాక, ధరలను, ఇతర కారణాలను పక్కన పెట్టి లెక్కగట్టారు. 1999 నుంచి 2002 వరకు దేశంలో పిల్లల పొగతాగుడు తగ్గిన దాంట్లో 22 శాతం ఈ ప్రచారం వల్లనే అని, అంటే దాదాపు 3 లక్షల మంది పిల్లలు పొగకు దూరంగా ఉండిపోయారని తేలింది.

కంపెనీవారి నీతిబోధ

ఇదే సమయంలో ఫిలిప్ మోరిస్ కూడా పిల్లల కోసం ఓ ప్రచారం మొదలుపెట్టింది. ‘ఆలోచించు, పొగతాగకు’ అని దాని పేరు. వినడానికి బంగారంలా ఉంది. ఒక పరిశోధకుల బృందం రెండు ప్రచారాలనూ పోల్చి చూసి 2002లో ప్రచురించింది. ట్రూత్ చూసిన పిల్లల్లో పొగాకు మీద, కంపెనీల మీద వ్యతిరేకత పెరిగింది. కంపెనీవారి ప్రకటనలు చూసిన పిల్లల్లో కంపెనీ మీద సదభిప్రాయం పెరిగింది! పిల్లలకు నీతి చెప్పే పనిని అమ్మేవాడు ఎందుకంత సంతోషంగా నెత్తికెత్తుకుంటాడో ఇక వేరే చెప్పాలా? ‘ఇది పెద్దలు మాత్రమే చేసే పని’ అంటే పన్నెండేళ్లవాడికి అంతకుమించిన ఆహ్వానం ఉండదు.

కంపెనీలకు భయం ఎక్కడుందో వాళ్ల ఒప్పందాల్లోనే కనిపిస్తుంది. 1998 నవంబరులో 46 రాష్ట్రాలతో కుదిరిన పెద్ద రాజీలో పిల్లల ప్రచారానికి డబ్బిస్తూనే, ఆ డబ్బుతో చేసే ప్రకటనలు కంపెనీలను వ్యక్తిగతంగా దూషించకూడదని షరతు పెట్టుకున్నాయి. 2001లో రేడియోలో వచ్చిన ఒక ట్రూత్ ప్రకటనలో, కుక్కలను షికారుకు తిప్పే మనిషి లారిలార్డ్ కంపెనీకి ఫోన్ చేసి, సిగరెట్లో యూరియా ఉంటుందట కదా, నా దగ్గర కుక్కల మూత్రం బోలెడుంది, కొంటారా అని బేరం పెడతాడు. కంపెనీ భగ్గుమంది. షరతు తప్పారంటూ జరిగిన వ్యాజ్యం డెలావేర్ రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2006లో ప్రచారం వైపే తీర్పు వచ్చింది. ఫ్లోరిడా ఒప్పందంలో ఆ షరతు లేకపోవడం ఆ పిల్లల అదృష్టం.

అయితే ఈ కథ చివరిదాకా పండగలా సాగలేదు. 1998 డిసెంబరులో చైల్స్ పదవిలో ఉండగానే చనిపోయాడు. మొదటి ఏడాది 7 కోట్ల డాలర్లున్న కార్యక్రమానికి ఆ మరుసటి ఏడాది నుంచే కోతలు మొదలయ్యాయి. 2003 నాటికి అది 10 లక్షల డాలర్లకు దిగింది. పిల్లలు తగ్గించారు కదా, ఇక డబ్బెందుకు అన్నది పాలకుల లెక్క. మినెసోటా రాష్ట్రంలోనూ ఇలాంటి పిల్లల ప్రచారమే ఒకటి నడిచి 2003లో డబ్బు అందక ఆగిపోయింది. అక్కడ సిగరెట్ వైపు మొగ్గే అవకాశమున్న పిల్లలు ఆ వేసవిలో 43 శాతం, ఏడాది చివరికి 53 శాతం. చివరికి ఫ్లోరిడా ఓటర్లే 2006లో రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించి, కంపెనీలిచ్చే సొమ్ములో కొంత పొగాకు నివారణకు కేటాయించి తీరాలని రాయించారు. పిల్లల ప్రచారం అనగానే చప్పట్లు కొట్టి పంపేసే ప్రభుత్వాలకు ఈ ముక్క వినిపించాలి.

చిప్స్ ప్యాకెట్ మీద పిచ్చిరాతలు

ఇదే కిటుకు తిండి విషయంలో పనిచేస్తుందా? టెక్సస్‌లో క్రిస్టఫర్ బ్రయన్, డేవిడ్ యేగర్ అనే పరిశోధకులు ఎనిమిదో తరగతి పిల్లలతో చేసి చూశారు. కొందరికి మామూలు ఆరోగ్య పాఠం చెప్పారు. అదే, పోషకాలు, క్యాలరీలు, ఏది తింటే ఏమవుతుంది. మిగిలినవాళ్లకు ఆరోగ్యం ఊసెత్తకుండా తిండి కంపెనీల పనితనం చెప్పారు. ఆకలి లేకపోయినా మళ్లీమళ్లీ తినాలనిపించేలా దినుసులను ఎలా కలుపుతారు, పేద పిల్లలను, చిన్నపిల్లలను ఏరికోరి ఎలా గురిపెడతారు, ఆరోగ్యకరమైన వస్తువులా కనిపించేందుకు లేబుల్ మీద ఏమేం రాస్తారు. మర్నాడు ఇంకేదో సందర్భంలో తినుబండారాలు ఏరుకోమంటే, రెండో జట్టు పిల్లల్లో చెత్త తిండి ఎంచుకున్నవాళ్లు తగ్గారు. ఇది 2016లో వచ్చింది.

2019లో వచ్చిన రెండో ప్రయోగం ఇంకా సరదా. తిండి ప్రకటనల బొమ్మలను పిల్లల చేతికిచ్చి, వాటిని నిజమయ్యేలా దిద్దమన్నారు. గోడమీది పోస్టరుకు మీసాలు గీసే తరహా పని అన్నమాట. ఏ పిల్లాడు వద్దంటాడు? ఆ బడి క్యాంటీన్లో అబ్బాయిలు కొనే చెత్త తిండి, తీపి పానీయాలు 31 శాతం దాకా తగ్గాయి. అదీ ఒక రోజుతో సరిపెట్టుకోకుండా, బడి మూసే దాకా, మూడు నెలల పాటు. పాఠం చెబితే ఆ పీరియడ్ వరకు గుర్తుండటమే గొప్పయిన వయసులో ఇది చిన్న సంగతేమీ కాదు.

లండన్‌లో క్రిస్టినా అడానే అనే అమ్మాయి ప్రచారం మరో దారి పట్టింది. 2020 వేసవిలో, కరోనా కాలంలో, పేద పిల్లలకు బడిలో పెట్టే ఉచిత భోజనాన్ని సెలవుల్లోనూ ఇవ్వాలని ఆమె పెట్టిన అర్జీకి 4 లక్షల పైచిలుకు సంతకాలు వచ్చాయి. ఫుట్‌బాలర్ మార్కస్ రాష్‌ఫర్డ్ కూడా అదే డిమాండుతో గొంతు కలిపాడు, జూన్‌లో ప్రభుత్వం దిగొచ్చింది. ఆమె పనిచేసిన ‘బైట్ బ్యాక్’ అనే టీనేజర్ల సంస్థ ఆ తర్వాత చిరుతిళ్ల ప్రకటనల మీద పడింది. ఆ ఉద్యమంలోనూ ‘బాగా తినండి’ అని తోటి పిల్లలకు చెప్పడం తక్కువే. మా వీధిలో మాకు ఏం దొరుకుతోంది, ఎంతకు దొరుకుతోంది, ఎవరు పెట్టారు అక్కడ అన్న నిలదీతే ఎక్కువ.

ఆరో తరగతిలోనే

మన సంగతికొద్దాం. తొంభైల్లో బడికెళ్లినవాళ్లు ఒక్కసారి క్రికెట్ గుర్తుచేసుకోండి. సచిన్ చొక్కా మీద ఏముంది? విల్స్. 1996 ప్రపంచకప్ పేరేమిటి? విల్స్ వరల్డ్ కప్. దేశమంతా పిల్లలు కళ్లప్పగించి చూసిన ఆట మీద సిగరెట్ పేరు దర్జాగా కూర్చుంది. 2001 దాకా కూర్చునే ఉంది. జో కేమెల్ లాంటి కార్టూను మన దేశంలో అవసరమే రాలేదు.

ఆ కాలంలోనే, 1992లో, ఢిల్లీలో ‘హృదయ్’ అనే సంస్థ పుట్టింది. పెట్టినవారిలో ముఖ్యుడు మన డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డి. హైదరాబాద్ ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదివి, ఎయిమ్స్‌లో గుండె వైద్యుడై, తర్వాత పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియాకు అధ్యక్షుడైన మనిషి. కేంద్రమంత్రిగా, గవర్నరుగా చేసిన కె.వి. రఘునాథరెడ్డి కుమారుడు. పాడైన గుండెలను బాగుచేసే పనిలో ఉన్న వైద్యుడు, అవి పాడవకముందే బడిలో పట్టుకోవాలనుకోవడం సహజమే.

ఆ బృందం అమెరికన్ పరిశోధకులతో కలిసి 2004 నుంచి 2006 వరకు ఢిల్లీ, చెన్నైల్లోని 32 బడుల్లో ‘మైత్రి’ అనే కార్యక్రమం నడిపింది. మొదలుపెట్టేముందు ఆరో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలను అడిగి చూస్తే లెక్క తిరగబడి కనిపించింది. వయసు పెరిగేకొద్దీ పొగాకు అలవాటు పెరగాలి కదా? ఇక్కడ ఎనిమిదో తరగతి వాళ్లకంటే ఆరో తరగతి వాళ్లే రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువగా పొగాకు వాడుతున్నారు. లాన్సెట్ పత్రికలో ఇది అచ్చయినప్పుడు వైద్యలోకం ఉలిక్కిపడింది. కాలేజీ కుర్రాళ్లనుకుని గురిపెట్టిన ప్రచారాలన్నీ ఆలస్యంగా వచ్చిన బస్సుల్లాంటివని అర్థమైంది. 2019లో దేశవ్యాప్తంగా చేసిన పిల్లల పొగాకు సర్వే అంకెలు కూడా అదే చెబుతున్నాయి. 13 నుంచి 15 ఏళ్ల బడిపిల్లల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. మొదలుపెట్టే సగటు వయసు సిగరెట్‌కు పదకొండున్నర, బీడీకి పదిన్నర, నమిలే పొగాకుకు ఇంకా పదేళ్లయినా నిండలేదు.

మైత్రిలో పాఠాలున్నాయి, పోస్టర్లున్నాయి, అమ్మానాన్నలకు పంపే పోస్టుకార్డులున్నాయి. ప్రాణం మాత్రం తరగతిలోనే ఉన్న పిల్ల నాయకుల్లో ఉంది. తోటి పిల్లలు ఎన్నుకున్న కొందరికి శిక్షణ ఇచ్చి, చర్చలు, ఆటలు వాళ్లచేతే నడిపించారు. కంపెనీలు మన వయసు వాళ్లకోసం ఏం చేస్తాయి, ఇంట్లో బాబాయి దుకాణానికి పంపి సిగరెట్ తెమ్మంటే ఏం చెప్పాలి, ఊళ్లో దీన్ని ఎవరితో మాట్లాడాలి. రెండేళ్లు గడిచేసరికి, కార్యక్రమం లేని బడుల్లో పొగాకు వాడకం 68 శాతం పెరిగితే, మైత్రి బడుల్లో 17 శాతం తగ్గింది.

ఇంత పకడ్బందీగా, కార్యక్రమం పెట్టిన బడితో పెట్టని బడిని పోల్చి మరీ నిరూపించిన పని మన దేశంలోనే ఉంది, అదీ మన తెలుగు డాక్టరు చేయించింది. మనం ఊరూరా చేస్తున్నది మాత్రం ర్యాలీ.

ర్యాలీ, ఫొటో, టీ

మే 31, పొగాకు వ్యతిరేక దినం వస్తుంది. పిల్లలకు అట్టముక్కలు ఇస్తారు. ‘పొగాకు వద్దు – ఆరోగ్యమే ముద్దు’. పీఈటీ సారు ముందు, పిల్లలు వెనక, మెయిన్ రోడ్డు మీద మండుటెండలో ఓ చుట్టు. ఎమ్మార్వో గారు జెండా ఊపుతారు. ఫొటో. మర్నాడు జిల్లా ఎడిషన్లో వార్త. ర్యాలీ పోయిన దారిలో కిళ్లీకొట్టు ముందు నుంచే పిల్లలు నడిచి వెళ్తారు, కొట్టాయన కూడా నవ్వుతూ చూస్తాడు. ఆయనకేం పోయింది? అడిగింది ఆయన్ని కాదు కదా. అన్నట్టు, మే 31కి బడులకు ఎండాకాలం సెలవులు. పిల్లల్ని సెలవుల్లో పిలిచి మరీ నడిపించిన ఊళ్లున్నాయి.

ఈ ర్యాలీలకు ఒక కారణం కాగితాల్లో దొరుకుతుంది. కేంద్ర ఆరోగ్యశాఖ పొగాకు రహిత విద్యాసంస్థల మార్గదర్శకాల్లో తొమ్మిది షరతులున్నాయి. గత ఆరు నెలల్లో పొగాకు మీద కనీసం ఒక కార్యక్రమం జరిగి ఉండాలన్నది అందులో ఒకటి. ర్యాలీ తీస్తే ఆ గడిలో టిక్కు పడుతుంది. కానీ అదే జాబితాలో బడి చుట్టూ వంద గజాల హద్దు గీసి ఉండాలని, ఆ హద్దులో పొగాకు అమ్మే దుకాణం ఉండకూడదనీ ఉంది. టిక్కు కొట్టడం కష్టమైన గడి అదే. 2003 పొగాకు ఉత్పత్తుల చట్టంలోని ఆరో సెక్షను కూడా అదే చెబుతుంది: 18 ఏళ్లలోపు వాళ్లకు అమ్మకూడదు, విద్యాసంస్థకు వంద గజాల్లోపు అసలే అమ్మకూడదు. తప్పితే జరిమానా 200 రూపాయల దాకా. చిప్స్, కోలాల్లాంటి కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండికి 2020 ఆహార భద్రతా నిబంధనలు వేరే హద్దు పెట్టాయి. బడి గేటు నుంచి 50 మీటర్లు.

వంద గజాలంటే 91 మీటర్ల చిల్లర. లెక్కల సారు టేపు తీసి ఎనిమిదో తరగతి పిల్లల చేతికిస్తే ఒక పీరియడ్ పని. ఏ దుకాణం హద్దులో ఉంది, అక్కడ ఏమేం వేలాడుతున్నాయి, ఏవి పిల్లల కంటికి అందే ఎత్తులో ఉన్నాయి, విడి సిగరెట్ ఎంతకు అమ్ముతున్నారు అని ఒక పటం గీసి పంచాయతీకి ఇవ్వడం ఇంకో పీరియడ్ పని. ర్యాలీకి పట్టేంత ఎండ కూడా దీనికి అక్కర్లేదు.

ఇక్కడ ఫ్లోరిడా పిల్లలకు లేని చిక్కు మన పిల్లలకు ఉంది. వాళ్లు నిలదీసింది ఎక్కడో అద్దాల మేడలో కూర్చున్న కంపెనీని. మన పిల్లలకు ఎదురుగా కనిపించేది బడ్డీకొట్టు మామ్మ. అప్పు పెట్టి చాక్లెట్ ఇచ్చే మామ్మ. ఆ కొట్టు మీదే ఆమె మందులు, మనవడి ఫీజు నడుస్తున్నాయి. ఇంకొంచెం వెనక్కి వెళ్తే, ఒంగోలు, కందుకూరు, టంగుటూరు వైపు చాలా ఇళ్లల్లో పిల్లల చదువు పొగాకు వేలంకేంద్రంలో పలికే ధర మీద ఆధారపడి ఉంటుంది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్లల్లో అమ్మ చేటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడితేనే నెల గడిచే ఇళ్లున్నాయి. ఆ ఇంటి పిల్ల చేతికి ‘పొగాకు విషం’ అన్న అట్ట ఇచ్చి రోడ్డు మీద నడిపిస్తే ఆమె ఎవరిమీద అరుస్తున్నట్టు?

అందుకే ఫ్లోరిడా పిల్లలు మొదటిరోజే పెట్టిన షరతు, తాగేవాళ్లను తిట్టొద్దన్నది, మనకు ఇంకా ఎక్కువ అవసరం. మామ్మను తిట్టొద్దు, రైతును తిట్టొద్దు, బీడీ చుట్టే అమ్మను తిట్టొద్దు. కొట్టు ముందు వేలాడే పాన్‌మసాలా దండలు అక్కడికి ఎవరు పంపారు, కొట్టు నెత్తిన రంగుల బోర్డు ఎవరు కొట్టించి ఇచ్చారు, ‘ఇలాచీ’ పేరుతో సినిమా హీరో చేత చెప్పిస్తున్నది నిజానికి ఏ సరుకు గురించి అని అడగాలి. 2022లో అలాంటి ఇలాచీ ప్రకటనలో కనిపించిన అక్షయ్ కుమార్, అభిమానుల కోపం చూసి బహిరంగంగా క్షమాపణ చెప్పి తప్పుకున్నాడు. కోపానికి చిరునామా దొరికితే అది చేరాల్సిన చోటికే చేరుతుంది.

తెలుగునేల మీద ఈ పాఠం ఎప్పుడో ఒకసారి రాసి పెట్టారు కూడా. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా మీద లేచారు. వాళ్లు పిల్లలు కారు, తల్లులు. కానీ వాళ్ల గురి చూడండి. తాగే మొగుడికి బుద్ధి చెప్పడంతో ఆగకుండా, సారా బళ్లను ఊళ్లోకి రానివ్వలేదు, సారా పాటల దగ్గరకు వెళ్లి వేలాన్నే ఆపారు. ఖజానాకు ఆ డబ్బు ఎందుకు కావాలో ప్రభుత్వం చెప్పుకోవాల్సి వచ్చింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమానికి నిప్పు రాజేసింది అక్షరాస్యత వాచకంలోని ఒక పాఠం. మన ఎనిమిదో తరగతి పుస్తకంలో అలాంటి పాఠం ఒకటి పెట్టడానికి ఏం అడ్డం?

జాతీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం కింద 2014 నుంచి ఊళ్లలో టీనేజీ పిల్లల్లోంచే ‘సాథియా’లను ఎంపిక చేసి, తోటివాళ్లకు ఆరోగ్య విషయాలు చెప్పించే ఏర్పాటు ఉంది. పొగాకు రహిత విద్యాసంస్థల మార్గదర్శకాల్లో విద్యార్థులకే పర్యవేక్షకులుగా బాధ్యత ఇచ్చే వీలుంది. అంటే పిల్లలు కావాలంటే ఉన్నారు, వాళ్లకు హోదా కావాలంటే కాగితం మీద ఉంది. లేనిది వాళ్లు రాసిచ్చిన ఫిర్యాదును తీసుకుని, రసీదు ఇచ్చి, పదిహేను రోజుల్లో ఏం చేశామో బడికి వచ్చి చెప్పే అధికారి.

పిల్లలు అడగగలిగిన వాటిలో అన్నింటికంటే తేలికైనది, అమ్మేవాళ్లకు అన్నింటికంటే మింగుడుపడనిది ఒకటుంది. విడి సిగరెట్. పెట్టె కొనే డబ్బు ఆరో తరగతి పిల్లాడి జేబులో ఉండదు, ఒక్కదానికి సరిపడా ఉంటుంది. పెట్టె మీద 85 శాతం మేర అచ్చేసిన హెచ్చరిక బొమ్మ కూడా విడిగా కొన్నవాడి కంట పడదు. మహారాష్ట్ర ప్రభుత్వం 2020లో విడి సిగరెట్, బీడీల అమ్మకాన్ని నిషేధించింది. అమలు ఎంత అన్నది వేరే సంగతి, కనీసం చట్టం వాళ్ల పిల్లల చేతిలో ఉంది. అమరావతికో, హైదరాబాద్‌కో అర్జీ పెట్టాలనుకునే తొమ్మిదో తరగతి వాళ్లకు మొదటి వాక్యం దొరికినట్టే. రెండో వాక్యానికి ఆ టేపు కొలతలు జతచేయొచ్చు.